తెల్లబడిన పెద్దకోడలు

ఆ ఫోటో స్టూడియోలో మనిషి కూర్చోవడానికి రెండే చోట్లు. ఒకటి ముందు కౌంటర్. అక్కడ తిరిగే కుర్చీ, ఫ్యాను, వీధిలోకి పెద్ద అద్దం, వచ్చేపోయేవాళ్ళ పలకరింపులు. రెండోది వెనక గది. అందులో ఫ్రేములు కోసే రంపం, గాజుపలకలు, జిగురు వాసన, ఒకే ఒక్క కిటికీ. ఆ కిటికీ తెరిస్తే కనిపించేది పక్కింటి గోడ. చిన్నకోడలు ఆ ఇంట్లో కాలుపెట్టిన వారం తిరక్కుండానే కౌంటర్ కుర్చీలో కూర్చుంది. పెద్దకోడలు అప్పటికి కొన్నేళ్ళుగా వెనక గదిలోనే ఉంది. ఎందుకలా అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చిన్నకోడలు తెల్లగా ఉంటుంది, పెద్దకోడలు నల్లగా ఉంటుంది. అంతే సంగతి.

పెద్దకోడలు ఆ ఇంటికి వచ్చిన కొత్తలో, ఇంకా చీకటిగదిలో ఫిల్ము కడిగే రోజుల్లో, నలుగురు చుట్టాలు కూర్చుని ఉండగా అత్తగారు ఒక మాట అంది. "ఇది లోపలుంటే డార్క్‌రూముకి తలుపు కూడా అక్కర్లేదు." అందరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఫిల్ములు పోయాయి, డార్క్‌రూము పాత సామాన్ల గది అయింది, పేరు మాత్రం పెద్దకోడలికి మిగిలిపోయింది. "డార్క్‌రూమ్, కాఫీ పెట్టు." "డార్క్‌రూమ్ ఎక్కడ చచ్చింది?" కట్టుకున్నవాడు, అంటే చిన్నకోడలి బావగారు కూడా అలాగే పిలిచేవాడు, అదేదో ముద్దుపేరైనట్టు. ఆవిడ పలికేది. పలక్కపోతే అదింకో గొడవ.

చిన్నకోడలు చెడ్డదని చెప్పడం లేదు. మంచిదని కూడా ఎవరూ ప్రమాణం చెయ్యరు. పక్కన అక్క నిలబడితే తను ఇంకా మెరిసిపోతుందని ఆమెకు బాగా తెలుసు. అందుకే ఇంట్లో ఏ ఫోటో తీసినా "రా అక్కా" అంటూ తోటికోడలి భుజం మీద చెయ్యేసి మరీ లాక్కొచ్చేది. చూసేవాళ్ళు ఎంత కలుపుగోలు పిల్లో అనుకునేవారు.

జబ్బు సంగతి చెయ్యి తెగితే బయటపడింది. అప్పటికే పెద్దకోడలు చిక్కిపోయింది. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందని లేచేది. ఎడమవైపు డొక్క కింద ఏదో గట్టిగా తగులుతోందని ఒకటి రెండుసార్లు చెప్పింది. "తిండి దగ్గర కూడా నాటకాలే" అని అత్తగారు కొట్టిపారేసింది. ఒకరోజు గాజుపలక జారి అరచెయ్యి తెగింది. కుట్లు వేసిన డాక్టరు మనిషి వాలకం చూసి రక్తపరీక్ష రాశాడు. ఆ కాగితం చూశాక ఆయన ఇంకేమీ మాట్లాడకుండా పెద్దాసుపత్రికి పంపించేశాడు.

స్టూడియో వదిలి రావడం బావగారికి కుదరదు. చిన్నకోడలే అక్కని తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ మాటలో నాన్చుడు లేని మనిషి.

"తెల్లకణాలు ఉండాల్సింది పదివేలు. మీకు రెండున్నర లక్షలున్నాయి. ఇది రక్తంలో వచ్చే కాన్సర్. ఏడవకండి, ముందు వినండి. ఒకప్పుడు ఈ జబ్బు వస్తే మనిషిని వదులుకోవడమే. ఇప్పుడు మాత్ర ఉంది. రోజూ ఒకటి, తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్ళతో. మానకుండా వేసుకుంటే జుట్టు నెరిసేదాకా బతుకుతారు. మూడు నెలలకోసారి పరీక్ష చేస్తాం. ఒంట్లో జబ్బు ఇంకా ఎంత మిగిలిందో ఒక అంకె వస్తుంది. ఆ అంకె దిగుతూ ఉండాలి. ఇక మీరు పట్టించుకోవాల్సింది ఆ అంకె ఒక్కటే."

పెద్దకోడలు ఏడవలేదు. కుట్లు వేసిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా తలూపింది.

ఇంటికొచ్చాక సంగతంతా చెప్పింది చిన్నకోడలే. చెప్పి ఊరుకోలేదు. "అంతలేసి తెల్లకణాలున్నాయట, ఒక్కటీ పైకి రాలేదు పాపం" అని ముక్తాయించింది. బావగారు నవ్వాపుకోలేకపోయాడు. అత్తగారు కూడా పెదవి బిగబట్టింది. పెద్దకోడలు వంటింట్లోనే ఉంది, వినే ఉంటుంది.

నవ్వులయ్యాక అత్తగారు గట్టిగా చెప్పింది. "ఈ మాట గడప దాటడానికి వీల్లేదు. రక్తంలో కాన్సరున్న మనిషి కట్టిన ఫ్రేము ఎవరు గోడకి తగిలించుకుంటారు?"

మాత్రలు మొదలయ్యాయి. సీసాలో ఉండేవి, ఇటుకరంగులో. మొదటి నెలల్లో కళ్ళ కింద వాచి, రాత్రంతా ఏడ్చి లేచినట్టుండేది మొహం. కాళ్ళు కొంకర్లు పోయేవి. డొక్కలో గట్టిదనం కరిగింది, అన్నం సయించింది, మనిషి కాస్త ఒళ్ళు చేసింది. అంకె దిగింది. ఇంకా దిగింది.

దాంతోపాటు ఇంకోటి జరగడం మొదలైంది. ముందు చూసింది చిన్నకోడలే, ఎందుకంటే ఆ విషయంలో ఆమె కళ్ళు పాపం ఎప్పుడూ మూతపడవు. అక్క చేతులు అదోలా ఉన్నాయి. ముందు చేతులు, తర్వాత మెడ, ఆ తర్వాత బుగ్గలు. నలుపు పలచబడుతోంది. మరికొన్ని నెలలకి అది చామనచాయ దాటింది. ఏడాది తిరిగేసరికి కొత్తవాళ్ళు చూస్తే పచ్చటి మనిషి అనేలా తయారైంది. ఏమిటిదని అడిగితే డాక్టరమ్మ తేలిగ్గా చెప్పేసింది. "ఈ మందు కొంతమందిలో ఒంటి రంగు తగ్గిస్తుంది. భయమేం లేదు."

భయమా! ఆ ఇంట్లో అంతకంటే శుభవార్త ఏముంది?

బావగారు పెళ్ళాన్ని చూసింది కెమెరాలోంచి. కొత్త లైట్లు వచ్చాయి, అమర్చి చూసుకోవడానికి స్టూలు మీద ఎవరో ఒకరు కూర్చోవాలి. ఎప్పుడూ చిన్నకోడలే కూర్చునేది. ఆ పూట ఆమె పుట్టింటికెళ్ళింది. "డార్క్‌రూమ్, ఇటొచ్చి కూర్చో" అని పిలిచి, కెమెరా వెనక తెరలోకి చూసి, తల పైకెత్తి మనిషిని చూసి, మళ్ళీ తెరలోకి చూశాడట. ఆ సాయంత్రమంతా ఆయన ఒక్క గిరాకీని కూడా లోపలికి రానివ్వలేదు. వరసగా తీస్తూనే ఉన్నాడు. చిన్నకోడలు పుట్టింటి నుంచి వచ్చేసరికి వీధి అద్దం వెనక, అంతకుముందు తన ఫోటో ఉండే చోట, నిలువెత్తు పెద్దకోడలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది.

"బాగుంది కదూ?" అన్నాడు బావగారు. "ఒక్క ముక్క రీటచ్ చెయ్యలేదు తెలుసా?"

బాగుందని చెప్పింది. చెప్పక చస్తుందా.

వారం తిరక్కుండా కుర్చీ కూడా పోయింది. "వచ్చినవాళ్ళు షోకేసులో ఉన్నావిడే కౌంటర్లో ఉంటే ముచ్చటపడుతున్నారు" అంది అత్తగారు. "నువ్వు కొన్నాళ్ళు వెనక పని చూడు. రంపం పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు." చిన్నకోడలు మొగుడి వైపు చూసింది. అన్నయ్య గీసిన గీత దాటని తమ్ముడు కెమెరా సంచీ జిప్పు లాగుతూ కూర్చున్నాడు.

డార్క్‌రూమ్ అనే పిలుపు ఆ ఇంట్లోంచి మాయమైంది. "పెద్దమ్మాయ్" అని కొత్తగా పుట్టుకొచ్చింది. గిరాకీలు "ఏం వాడతారండీ?" అని అడిగితే అత్తగారే అందుకుని "ఏముందమ్మా, ఇంట్లో మీగడ" అనేది. మీగడ కథ వీధంతా పాకింది. బావగారు పెళ్ళాన్ని బండి వెనక ఎక్కించుకుని సినిమాకి తీసుకెళ్ళాడు. ఆవిడ తిరిగొచ్చేసరికి చెవుల దాకా నవ్వు. ఆ మనిషికి పళ్ళు ఇంత చక్కగా ఉంటాయని చిన్నకోడలికి అప్పటిదాకా తెలియనే తెలియదు.

పెద్దకోడలు ఎప్పుడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేది, చిన్నకోడలు నాలుగు కడిగేసి కడుపుమంట చల్లార్చుకునేది. ఒకరోజు వెనక గదిలోకి తొంగి చూసి "కిటికీ తీసిపెట్టుకో చెల్లీ, జిగురు వాసనకి తల పగిలిపోతుంది" అంది. మంచిమాటే. ఆ మంచిమాటకి చిన్నకోడలు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ తర్వాతి పరీక్షలో అంకె దిగలేదు, కొంచెం పెరిగింది. మళ్ళీ చేశారు, ఇంకా పెరిగింది. డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మాత్రలు మానేశారా?"

"లేదమ్మా, ఒక్కపూట కూడా."

"మానలేదండీ, నేను చూస్తూనే ఉన్నా" అంది చిన్నకోడలు. అది నిజమే. ఆ మాత్రల్ని ఆమె కంటే ఎక్కువగా చూసినవాళ్ళు లేరు.

ఇంకో పరీక్ష చేసి డాక్టరమ్మ చెప్పింది. జబ్బుకణం తాళం మార్చేసింది, పాత మాత్ర తాళంచెవి ఇక దానికి పట్టదు. ఇందులో ఎవరి తప్పూ లేదు, కొందరికి ఇలా అవుతుంది. ఇంకో మందు ఉంది, ఈ కొత్త తాళానికి సరిపోతుంది. కాకపోతే పథ్యం గట్టిది. రెండు పూటలా ఖాళీ కడుపున వేసుకోవాలి. వేసుకునే ముందు రెండు గంటలు, వేసుకున్నాక గంటసేపు కాఫీ కూడా ముట్టకూడదు. "పాతవి ఇవాళ్టితో ఆపెయ్యండి. అవి ఇప్పుడు మీకు మట్టిబిళ్ళతో సమానం. వాటిని నమ్ముకుంటే జబ్బు ముదిరి చేయి దాటిపోతుంది. మళ్ళీ నేనేమీ చెయ్యలేను."

పెద్దకోడలు అంతా విని ఒక్కటే అడిగింది. "మరి రంగు?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న అర్థమైన తీరు వేరు. ధైర్యం చెప్పాలనుకుంది కాబోలు, నవ్వింది. "ఆ బెంగ అక్కర్లేదమ్మా. దీంతో మీ రంగు మీకు తిరిగొచ్చేస్తుంది."

అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. చిన్నకోడలికి మాత్రం ఒంట్లో ఎక్కడో ఫ్యాను వేసినట్టయింది. తప్పని తెలుసు. తెలిసినా సంతోషం ఆగలేదు. ఆ రోజు దారిలో అక్కకి పళ్ళరసం కొనిపెట్టింది, ఎన్నడూ లేనిది.

కొత్త మాత్రలు గట్టిగా పనిచేశాయి. మూడు నెలల్లో అంకె పాతాళానికి దిగింది. డాక్టరమ్మ పెద్దకోడలి భుజం తట్టి, పక్క గదిలోని చిన్న డాక్టర్లని పిలిచి కాగితం చూపించింది. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ ఇంటికొచ్చారు. భోజనాల దగ్గర చిన్నకోడలు చెప్పింది. "అంకె చాలా బాగా పడిపోయిందట అత్తయ్యా. ఇంత బాగా పనిచేసింది ఈ మధ్య ఎవరికీ లేదన్నారు."

అత్తగారు పెద్దకోడలి నుదుటి వైపు చూసింది. అక్కడ జుట్టు మొదట్లో నలుపు అంచు కట్టింది. వేళ్ళ కణుపుల దగ్గరా అంతే.

"అంకె మొహాన రాసుంటుందా ఏమిటి?" అంది.

తర్వాత నలుపు మెడకి దిగింది, బుగ్గలకి పాకింది. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్ళు షోకేసు వైపు వేలు చూపించి, "ఆవిడ లేరా?" అని ఆవిడనే అడిగేవారు. "నేనేనండీ" అంటే ఒకసారి ఫోటోకేసి, ఒకసారి మనిషికేసి చూసి, "రీటచ్ బాగా చేస్తారన్నమాట" అనేవారు. ఒకావిడ బావగారితో బేరం కూడా పెట్టింది, ఆ అమ్మాయికి చేసినంత తెలుపు మా అమ్మాయికీ చెయ్యమని. బావగారు కౌంటర్ మీద ఇంకో లైటు పెట్టించాడు. దాంతో నలుపు ఇంకా తేటతెల్లంగా కనిపించింది. చివరికి "కొన్నాళ్ళు లోపల కూర్చో" అన్నాడు. సినిమాలు ఆగిపోయాయి. ఒక సాయంత్రం అత్తగారు వంటింట్లోంచి కేకేసింది. "డార్క్‌రూమ్! కాఫీ!"

పెద్దకోడలు పలకడానికి కొంచెంసేపు పట్టింది. పలికింది.

చిన్నకోడలు మళ్ళీ తిరిగే కుర్చీ ఎక్కింది. ఎక్కి నెల కూడా కాలేదు, వెనక గది గోడ పక్కగా వెళ్తుంటే బావగారి గొంతు వినిపించి ఆగింది.

"ఆ పాత సీసాలో ఇంకా ఉన్నాయిగా."

"డాక్టరమ్మ వద్దంది."

"అవీ ఆ జబ్బు మందులేగా? మొన్నటిదాకా వాటితోనే కదా బతికావు. ఏదో ఒకటి వేసుకుంటే చాలు. అయిపోతే నేను తెప్పిస్తా, మందుల షాపువాడు మనవాడే."

"మళ్ళీ జబ్బు పెరిగితే?"

"డాక్టరమ్మకేం, రోజూ నీ మొహం చూడాల్సిన పనిలేదు."

చిన్నకోడలు గోడకి అవతల నుంచే కౌంటర్ వైపు నడిచింది. వేసుకోదులే అనుకుంది. ప్రాణం కంటే ఎక్కువా అనుకుంది. ప్రాణం కంటే ఎక్కువైనవి ఆ ఇంట్లో చాలా ఉన్నాయని ఆమెకు తెలియంది కాదు. ఎందుకంటే అవన్నీ తను పుట్టినప్పుడే తనకి వచ్చేశాయి.

వేసుకుంటోందని కనిపెట్టింది కాఫీని బట్టి. కొత్త మాత్రలున్నన్నాళ్ళూ పెద్దకోడలు పొద్దున్నే మాత్ర మింగి, గోడగడియారం కింద చేతులు కట్టుకుని కూర్చునేది, అందరూ తాగాక ఎప్పటికో తన గ్లాసు అందుకునేది. ఒకరోజు అందరితోపాటే ఊదుకుంటూ తాగేస్తోంది. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక పెద్ద గ్లాసునిండా నీళ్ళు పోసుకుంది. అరచేతిలో ఇటుకరంగు బిళ్ళ.

"అక్కా, కొత్తవి ఏమయ్యాయి?"

"ఉన్నాయి."

"మరి ఇదేంటి? నీకేమైనా పిచ్చా? అవి మట్టిబిళ్ళలని ఆవిడ నా ముందే కదా చెప్పింది?"

"నీకెందుకే?"

"నీ మంచికే చెప్తున్నా."

పెద్దకోడలు మాత్ర మింగి, నీళ్ళన్నీ నిదానంగా తాగి, గ్లాసు బోర్లించింది. "నా మంచి నీకెప్పట్నుంచి?" అంది.

నెలా రెండు నెలల్లో బుగ్గలు మళ్ళీ తేటపడ్డాయి. కుర్చీ మళ్ళీ చేతులు మారింది. ఈసారి చిన్నకోడలు ఊరుకోలేదు. అందరూ కూర్చుని ఉండగా, పెద్దగా, ఒంటికాలి మీద లేచింది. "అక్క అసలు మందు మానేసింది. పాత మాత్రలు మింగుతోంది. బావగారే తెచ్చిస్తున్నారు. ఇలాగైతే చచ్చిపోతుంది!"

అత్తగారు తీరిగ్గా చెయ్యి కడుక్కుంది.

"కుళ్ళు. కుళ్ళబెడుతోందే నిన్ను. పక్కదాని మొహం కాస్త కళగా కనిపిస్తే చావు కోరుకుంటున్నావు."

"నేను చావు కోరుకోవడమేంటి అత్తయ్యా..."

"మరి దాన్ని మళ్ళీ నల్లగా చెయ్యాలని ఎందుకంత తాపత్రయం?"

మొగుడు మోచెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కుపోయాడు. "ఊరుకో. నలుగురూ ఏమనుకుంటున్నారో చూస్తున్నావా? పరువు తీస్తున్నావు."

ఆ రాత్రి ఆమె తనని తనే అడిగి చూసుకుంది. నేను చెప్పింది అక్క కోసమా, కుర్చీ కోసమా? గుండె మీద చెయ్యేసుకుని అక్క కోసమే అనలేకపోయింది. అనలేకపోయేసరికి ఒళ్ళు మండిపోయింది. ఫోన్లో డాక్టరమ్మ నంబరు ఉంది. మర్నాడు తీసింది, నొక్కింది, అటు మోగుతుండగానే కట్టేసింది. ఎందుకొచ్చిన తలనొప్పి? చెప్పింది నేనేనని తెలుస్తుంది, మళ్ళీ అందరూ కలిసి మీద పడతారు, నోరు పాడైపోవడం తప్ప ఒరిగేదేముంది? చావనీ అనుకుంది. నిజంగా చస్తుందని అనుకోలేదు. కోపంలో మనుషులు రోజూ అనుకునే మాటే అది. కాకపోతే అందరి విషయంలోనూ అది నిజమైపోదు.

మూడు నెలల పరీక్ష వచ్చింది. అప్పుడే బడి పిల్లల గ్రూపు ఫోటోలు, ఊపిరాడని పని. "వచ్చే నెల వెళ్దాంలే" అన్నాడు బావగారు. వచ్చే నెలా అదే అన్నాడు.

ఆ రోజుల్లో పెద్దకోడలు ఎంత తెల్లబడిందంటే, చూసినవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవారు. ఇదివరకటి పసుపుచాయ కాదు, కాగితం తెలుపు. పెదవులూ అంతే, గోళ్ళూ అంతే. మెట్లెక్కితే మధ్యలో ఆగి గోడ పట్టుకునేది. "ఎంత సున్నితంగా అయిపోయింది చూడు" అనేది అత్తగారు. చేతుల మీదా తొడల మీదా నీలం మచ్చలు కమిలినట్టు తేలాయి. "తెల్లటి ఒంటికి అంతే, ఎక్కడ తగిలినా కనపడుతుంది. ఇన్నాళ్ళూ నీకు తెలియలేదు గానీ!" అంది అదే అత్తగారు, ముచ్చటగా. బావగారు ఇంకో ఫోటో తీశాడు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి నెత్తురు ధారగా కారేది. అది చిన్నకోడలు చూసింది. చూసి, కుళాయి తిప్పి, వాష్‌బేసిన్ కడిగేసింది.

తర్వాత కొన్నాళ్ళకి గిరాకీ ముందే, చిల్లర లెక్కపెడుతూ పెద్దకోడలు కుర్చీలోంచి జారిపోయింది.

డాక్టరమ్మ కాగితాలు చూసింది, మనిషిని చూసింది. "మందు వేసుకోవడం లేదా?"

"ఒక్కరోజు మానలేదండీ" అన్నాడు బావగారు. అబద్ధం చెప్పలేదు.

"ఏ మందు?"

బావగారు నీళ్ళు నమిలాడు. మంచం మీద మనిషి కళ్ళు మూసుకుంది.

"పాతవి" అంది చిన్నకోడలు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

దానికి చిన్నకోడలి దగ్గర సమాధానం ఉంది, చెప్పలేదు. డాక్టరమ్మ కూడా రెట్టించలేదు. జబ్బు ముదిరిందనీ, మొన్నటిదాకా మాత్రతో తలవంచిన జబ్బు ఇప్పుడు దేనికీ వంగదనీ, చెయ్యగలిగింది చేస్తామనీ గోడకి చెబుతున్నట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆసుపత్రిలో తోడుగా ఉండే పని కూడా చిన్నకోడలికే పడింది. స్టూడియో వదిలి రావడం బావగారికి కుదరదు. ఒకరోజు సాయంత్రం సీసాలోంచి చుక్కచుక్కగా నెత్తురెక్కుతుంటే పెద్దకోడలు కళ్ళు తెరిచింది. గొంతు పీలగా వచ్చింది.

"కొత్తవి వేసుకోమని చెప్పింది ఇంట్లో నువ్వొక్కదానివే."

చిన్నకోడలు దుప్పటి సర్దింది.

"నేనెందుకు వినలేదో తెలుసా? నువ్వు చెప్పావు కాబట్టి. ఇంకెవరు చెప్పినా వినేదాన్ని. ఆయనొక్క మాట అనుంటే ఆ రోజే సీసా పారేసేదాన్ని."

"అక్కా..."

"నన్ను నల్లగా చూడాలని చెప్పావు కదూ? నిజం చెప్పు. నేనింక ఎవరికీ చెప్పలేనులే."

అబద్ధమాడితే సరిపోయేది. చచ్చిపోతున్న మనిషికి ఒక అబద్ధం చెప్పలేనంత నిజాయితీ చిన్నకోడలికి ఎప్పుడూ లేదు. కానీ ఆ పూట నోరు తిరగలేదు. "అవును" అంది. అనేసి, అక్క అరచెయ్యి పట్టుకుని ఏడ్చింది. గాజు కోసుకున్నచోట కుట్ల మచ్చ వేళ్ళకి తగిలింది.

"తెలుసులే" అంది పెద్దకోడలు. చెయ్యి వెనక్కి తీసుకుంది. అద్దం అడిగింది. చిన్నకోడలు సంచీలోంచి తీసి పట్టుకుంది. ఆవిడ మొహం ఆ పక్కా ఈ పక్కా తిప్పి చూసుకుంది. "బాగున్నాను కదూ?" అంది.

నాలుగు రోజులకి పోయింది.

శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు అత్తగారు గుండెలు బాదుకుంది. "ఎలా ఉండేది నా కోడలు, పాలలో ముంచి తీసినట్టు!" అంటూ రాగం తీసింది. వచ్చినవాళ్ళంతా మొహంలోకి వంగి చూసి అవునవునన్నారు. అక్కడ ఏడ్చినవాళ్ళలో డార్క్‌రూమ్ కోసం ఏడ్చినవాళ్ళు లేరు, ఒక్క చిన్నకోడలు తప్ప. ఆమె ఏడుపుని ఎవరూ నమ్మలేదు.

షోకేసులో ఫోటో బావగారు తియ్యలేదు. దాన్ని ఇంకా పెద్దది చేయించి, మంచి ఫ్రేము కట్టించి, కౌంటర్ వెనక గోడకి తగిలించాడు. ఫ్రేము కోసింది చిన్నకోడలే. ఆ తర్వాత తిరిగే కుర్చీ ఆమెకే వచ్చింది, అడక్కుండానే. ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్ళూ ఆమె తల మీదుగా వెనక్కి చూస్తారు.

ఒకరోజు పాస్‌పోర్టు ఫోటోకి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై దాటి ఉంటాయి, కాటుకలాంటి నలుపు, చక్కటి కళ్ళు. ఫోటో ప్రింటయ్యేదాకా గోడకేసి చూస్తూనే ఉంది.

"ఈవిడ ఏం వాడేవారండీ?"

పక్కనే బల్ల మీద కూర్చున్న అత్తగారు చప్పున అందుకుంది. "మీగడమ్మా, ఇంట్లో మీగడ." అని, లోపల ఫోను మోగితే లేచి వెళ్ళింది.

చిన్నకోడలు ప్రింటు కత్తిరిస్తోంది. కత్తెర ఆపింది. "మీగడ కాదు. కాన్సర్ మాత్రలు" అంది. "ఆవిడకి రక్తంలో కాన్సర్. ఆ మాత్రల వల్ల అలా తెల్లబడింది. రంగు పోతుందని మంచి మందు మానేసి అవే మింగింది. చచ్చిపోయింది."

ఇన్నాళ్ళకి బయటికి అనేసింది. ఇంకో ఆడపిల్ల భయపడి, ఛీ అనుకుని, తలెత్తుకుని వెళ్ళిపోతుందనుకుంది.

అమ్మాయి చాలాసేపు ఫోటో వైపే చూసింది. తర్వాత కౌంటర్ మీద ఆనించిన తన చేతుల వైపు చూసుకుంది. లోపల్నుంచి అత్తగారు వస్తోందేమోనని ఒకసారి తొంగి చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించింది.

"డాక్టరు చీటీ లేకపోయినా ఇస్తారా అండీ అవి?"